పొగ పెట్టిన గుమ్మి

మా తండాలో ఇళ్లు ఇరవై మూడు. మేకను కోసినప్పుడు పెట్టే పోగులు మాత్రం ఇరవై రెండు.

నాయక్ ఇంటి ముందు మోదుగాకులు వరసగా పరుస్తారు. కండ, బొక్క, కార్జం అందరికీ సమంగా పడేలా సర్దుతారు. తర్వాత నాయక్ ఒక్కో ఆకు దగ్గర నిలబడి ఒక్కో ఇంటి మగవాడి పేరు పిలుస్తాడు. ఆ ఇంటివాళ్లు గిన్నె పట్టుకుని ముందుకొస్తారు. మాంసం కొంచెం తక్కువైనా ఎవరూ పట్టించుకోరు. పేరు పిలవడం మరిచిపోతే మాత్రం ఏడాదిపాటు మాట్లాడుకోరు.

నాయక్ మా మామ దేవ్‌సింగ్. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్లు. నా భర్త రూప్‌సింగ్ మణుగూరు బొగ్గు గనుల దగ్గర కంట్రాక్టు పనిలో ఉండి, నెలకోసారి వచ్చేవాడు. ఏడో తరగతి దాకా చదివినా ఆ ఇంట్లో నాకు మాట్లాడే పని పెద్దగా ఉండేది కాదు. చూసే పని చాలా ఉండేది.

ఇరవై మూడో ఇల్లు మాకు ఎదురుగానే ఉంది. అది ద్వాలిది. మామ తమ్ముడు హరిలాల్ భార్య. మా మాటలో చిన్నాయన భార్యను కాకీ అంటాం. నాలుగేళ్ల కింద హరిలాల్ పినపాక వైపు తునికాకు కల్లంలో పనికి పోయి, అక్కడే ఇంకొకామెతో ఉండిపోయాడు. ఆ ఏడు శీత్లా తల్లి పండక్కి పోగులు పెట్టినప్పుడు మామ హరిలాల్ పేరు వదిలేసి తర్వాతి పేరు పిలిచాడట. "మగోడు లేని ఇల్లు. ఎవరి పేర పిలువాలె?" అన్నాడట. ద్వాలి ఖాళీ గిన్నెతో ఇంటికి పోయింది.

నేను వచ్చాక ఆరుసార్లు చూశాను. ప్రతిసారీ ఆమె తోమిన గిన్నె పట్టుకుని వచ్చేది. చివరి పేరు దాకా నిలబడేది. అడిగేది కాదు. ఆకులన్నీ ఖాళీ అయ్యాక మెల్లగా నడిచిపోయేది. మా అత్త పూలి తన గిన్నెలోంచి రెండు ముక్కలు ఇవ్వబోతే, "నా ఇంటి పోగు నా ఇంటికి రావాలె అక్కా, నీ ఇంటిది నాకెందుకు" అనేది.

మామకు ఆమె అట్లా వచ్చి నిలబడటం ముల్లులా ఉండేది. ముదిగొండ దగ్గరి తండాలో ద్వాలి అన్నలున్నారు. అక్కడికి వెళ్లిపొమ్మని రెండుసార్లు కబురు చెప్పించాడు. ఆమె వెళ్లలేదు.

గోదావరి భద్రాచలం ఊళ్లోకి వచ్చిన ఏడు అది. మా తండా జూలూరుపాడుకు ఆరు మైళ్లు లోపలికి, వాగు దాటాక ఉంటుంది. వాన పట్టిన మూడో రోజుకే వాగు దాటడానికి లేకుండా పోయింది. ఐదో రోజు పొద్దున ద్వాలి మేకపోతు బండ మీద జారి వెనక కాలు విరగ్గొట్టుకుంది. బాగా మేపిన పోతు. వాన లేకపోతే జూలూరుపాడు నుంచి మటన్ కొట్టు ముక్తార్ సైకిలేసుకుని వచ్చి తీసుకుపోయేవాడు. ఇప్పుడు ముక్తార్ రాలేడు, పోతు నడవలేదు.

మామ గొడుగు పట్టుకుని ద్వాలి వసారాలోకి వచ్చాడు. నేను అక్కడే పోతు కాలికి గుడ్డ కడుతున్నాను. మాలో తమ్ముడి భార్య బావతో నేరుగా మాట్లాడదు. కోడలు మామ ముందు నోరు విప్పదు. అందుకని ద్వాలి ముసుగు కిందికి లాక్కుని, వసారా గుంజ వైపు తిరిగింది. బావకు చెప్పాల్సినవన్నీ ఆమె ఆ గుంజకే చెప్పేది.

"కాలు ఇరిగినంక ఎన్ని దినాలు ఉంచుతరు? దస్రును పిలుస్త. జల్దీ కోపిచ్చి పోగులు పెడ్దం" అన్నాడు మామ.

"గుంజా, జెర అడుగు. నా పోగు ఎవరి పేర పిలుస్తరో."

మామ నవ్వాడు. "పిలువనీకి పేరేడున్నది? పోతు నీది గాబట్టి తల, కాళ్లు నీకే ఇస్తం. పట్కపో."

"తల నాకొద్దు. పేరు పిలుస్తె పోగు చాలు."

"మగోడు లేని ఇంటికి పోగు లేదు. గది నేను పెట్టింది గాదు. మా తాత పెట్టిండు."

"గీ పోతు గూడ మగోడు లేని ఇంట్లనే పుట్టింది. తండకెట్ల పనికొస్తదంట?"

మామ నవ్వు ఆగిపోయింది. గొడుగు దులిపి, ఈసారి తనూ గుంజతోనే అన్నట్టు ఆకాశం వైపు చూపించాడు. "ఎండ మొఖం జూసి ఐదు దినాలాయె. ఏడ ఎండబెడ్తది? మూడో దినానికి పురుగులు పడ్తయ్. అప్పుడు పోగులు పెట్టుండ్రని తనే వస్తది. ఎవ్వరు ముట్టరు. ఇల్లు నడుపొస్తలేదని ముదిగొండకు పొమ్మంట. గప్పుడైన ఇంటదో ఇనదో."

"మూడో దినం రమ్మను గుంజా" అంది ద్వాలి. "వాసన జూసి పొమ్మను."

మామ వెళ్లిపోయాక ఆమె ముసుగు పైకి తీసింది. ముఖంలో కోపం లేదు. ఇంట్లో ఏమేం ఉన్నాయో లెక్క చూసుకుంటున్నట్టుంది.

దస్రు తాత వచ్చి పోతును కోశాడు. చర్మం, నెత్తురు తాను తీసుకున్నాడు. మామ కోపానికి భయపడని మనిషి తండాలో ఆయనొక్కడే. మామ పుట్టినప్పుడు బొడ్డు కోసింది తన తల్లేనని ఆయన ధైర్యం. ద్వాలి మాంసాన్ని బొటనవేలంత మందాన పొడుగ్గా చీలికలు కోసింది. గల్లుప్పు, పసుపు దట్టించి కుండలోకి ఎత్తింది. ఉప్పు చాలకపోతే మా ఇంట్లోది నేను తెచ్చాను. ఎవరినీ అడగలేదు.

"గిప్పుడేం చేస్తవ్ కాకీ?"

"పొగ పెడ్త" అంది. "పినపాక కాడ తునికాకుకు పోయినప్పుడు నాగక్క అని ఒకామె ఇంట్ల ఉన్న. పొయ్యి మీద తడిక కట్టి చేపలు పెడ్తుండె. వానకాలం మొత్తం తింటరు వాళ్లు. నా పొయ్యి మీద పోతు మొత్తం పట్టదు. పెద్దది కావాలె."

ఆమె ఇంటి మూలలో ఉన్న గుమ్మి వైపు చూసింది. వెదురుతో అల్లిన గింజల గుమ్మి, నా భుజాల ఎత్తు. హరిలాల్ పోయాక పొలం మామే దున్నుకుంటున్నాడు. గుమ్మిలోకి గింజలు వచ్చి నాలుగేళ్లయింది. అయినా ఉత్తది ఉండకూడదని అడుగున పిడికెడు జొన్నలు వదిలి ఉంచింది. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు పెట్టేది.

కొడవలితో గుమ్మి అడుగు పక్కన రంధ్రం కోస్తుంటే ఆ చప్పుడుకు మా అత్త పరుగెత్తుకొచ్చింది.

"ఏంది ద్వాలీ గిది? గుమ్మిల మాంసం పెడ్తవా? లచ్చిమి ఉండే తావు గది."

"నాలుగేండ్ల సంది ఏడున్నదక్కా లచ్చిమి? నేనైతె జూడలే." ద్వాలి చెయ్యి లోపలికి పెట్టి ఆ పిడికెడు జొన్నలు తీసింది. పురుగు తిని పిండి రాలుతున్నాయి. వాటిని వసారాలోని కోళ్లకు చల్లింది. "గివి ఇన్నొద్దులు దేనికి కావలి గాసినయో కోళ్లకన్న తెలుస్తదేమో."

అత్త చెంపలు వేసుకుంది. కానీ వెళ్లిపోలేదు. గడపలో కూర్చుని చూసింది.

ద్వాలి గుమ్మిని వసారాలోకి దొర్లించింది. దానికి నాలుగు అడుగుల దూరంలో కిరసనాయిలు డబ్బాను బోర్లించి, కొడవలితో ఒక పక్క నోరు కోసింది. అది మంటపెట్టే చోటు. గుమ్మి వెదురుది కాబట్టి మంట దగ్గరుండకూడదు, పొగ మాత్రమే రావాలి. దానికి గొట్టం కావాలి. కూలిన పశువుల కొట్టం మీద గూన పెంకులు మిగిలి ఉన్నాయి. రెండు పెంకులు ఎదురెదురుగా కలిపితే గుండ్రంగా గొట్టమవుతుంది. అట్లా నాలుగు జతలు నేలలో గాడి తీసి పరిచి, సందులకు మట్టి మెత్తింది.

మాంసం వేలాడదీయడానికి కొక్కేలు లేవు. ద్వాలి చుట్టూ చూసి, గోడకు ఆనించి ఉన్న హరిలాల్ సైకిల్ దగ్గరికి పోయింది. నాలుగేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. టైర్లు పగుళ్లిచ్చాయి. చక్రంలోంచి పుల్లలు ఒక్కొక్కటి లాగి, రాతి మీద పెట్టి వంచింది.

"ఆయన వస్తె ఏమంటవే?" అంది అత్త.

"నడిసి పొమ్మంట" అంది ద్వాలి.

అత్తకు నవ్వొచ్చింది. ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివరికి, ఏ ఆడదైనా చేసే పనే చేశాం. వెదురు సందుల్లోంచి పొగ పోకుండా గుమ్మిని లోపలా బయటా పేడ కలిపిన మట్టితో అలికాం. మా చేతులకు వేరే అలవాటు లేదు. గోడ అయినా, నేల అయినా, గుమ్మి అయినా పేడ లేకుండా అలకడం మేమెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున తొడ చీలికలు కొన్ని వేలాడదీసి, పైన తడి గోనె కప్పి, డబ్బాలో చింతకట్టె నిప్పు చేసి, దాని మీద గింజలు ఒలిచిన మక్క బెండ్లు తడిపి వేసింది. పొగ గొట్టంలోంచి వచ్చి గోనె సందుల్లోంచి మెల్లగా లేచింది. ఎంత చక్కగా లేచిందంటే ద్వాలి మధ్యాహ్నం అన్నం తినడం కూడా మరిచిపోయింది.

పొద్దు గుంకకముందు గోనె తీసింది. నేను ఒక్క అడుగు వెనక్కి వేశాను. పిడకల పొయ్యి మీద మూత లేకుండా మరిగిన పాల వాసన. చీలికల మీద పచ్చటి చారలు. ఒకటి కొరికి ఉమ్మేసింది. వాకిట్లో పడేస్తే కుక్కలు కూడా ముందు వాసన చూసి కాసేపు ఆలోచించాయి.

కబురు తండా చుట్టి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మా మామ అరుగు మీద కూర్చుని, ఎదురింటికి వినబడేట్టు అన్నాడు. "ఏం గూర వండిందంట? పిడకల గూరనా? ఇంక రెండు దినాలున్నది."

ద్వాలి డబ్బా ముందు కూర్చుని ఉంది. "కట్టె మంచిగ లేదు" అంది. "రేపు తుమ్మకట్టె పెట్టాలె. తుమ్మ గూడ కాకపోతె..." కుండలో మిగతా మాంసం ఉప్పులో నానుతూనే ఉంది. ఉప్పు ఎన్నాళ్లు ఆపుతుందో ఆమెకూ నాకూ తెలుసు.

నేను గుమ్మిలోకి తల పెట్టి చూశాను. అన్ని చీలికలూ ఒకేలా లేవు. మధ్యలో వేలాడినవి ఎర్రగా, గట్టిగా ఉన్నాయి. గోడకు ఆనినవే పచ్చబడ్డాయి. వెచ్చటి పొగకు పేడ అలుకు చెమర్చి, గోధుమరంగు నీరు చారలు చారలుగా కారుతోంది. మధ్యదొకటి తుంచి నోట్లో వేసుకున్నాను. ఉప్పగా, కొంచెం తియ్యగా ఉంది.

"కాకీ, కట్టెది కాదు తప్పు. గోడది."

ఆమె నా వైపు, నా నోటి వైపు చూసింది. తర్వాత తనూ మధ్యదొకటి తీసి నమిలింది. కొడవలి అందుకుంది.

మర్నాడు వాన కురుస్తూనే ఉంది. ఇద్దరం గుమ్మిని లోపలా బయటా వెదురు కనబడేదాకా గీకాం. తండా వెనక పుట్టమన్ను తెచ్చి, ఒట్టి నీళ్లతో పిసికి అలికాం. పేడ లేని మట్టి చేతికి జారిపోతుంటే, ఇది అంటుకుంటుందా అని ఒకటే అనుమానం. చిన్న మంట పెట్టి ఆరనిచ్చాం. పగుళ్లిచ్చిన చోట మళ్లీ మెత్తాం. పొద్దు వాలేసరికి మాంసమంతా చింతపులుపు నీళ్లలో కడిగి, తుడిచి, గోడకు ఎక్కడా తగలకుండా వేలాడదీసింది. కుండ అడుగున కొన్ని ముక్కలు అప్పటికే జిగటగా ఉన్నాయి. వాటిని పారేసింది. మిగతా వాటిని ఒక్కొక్కటిగా ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మరీ తగిలించింది. ఆ రాత్రంతా, తర్వాతి పగలంతా డబ్బాలో మంట లేవకుండా, పొగ ఆగకుండా బెండ్లు వేస్తూ కూర్చుంది.

మూడో రోజు సాయంత్రం మామ వచ్చాడు. ఒక్కడే రాలేదు. ఆరుగురు మగవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. దస్రు తాత పిలవకుండానే వెనక నడిచాడు. అందరూ వసారా చూరు కింద నిలబడ్డారు.

"ఏమంటున్నది గుంజ?" అన్నాడు మామ.

ద్వాలి గోనె తీసింది.

వాళ్లందరూ ముక్కు మూసుకోవడానికి సిద్ధపడి వచ్చారు. ఒకాయన కండువా మూతి దాకా తెచ్చి, అక్కడే ఆపి, మళ్లీ దించుకున్నాడు. మక్క బెండ్ల తీపి, చింతకట్టె ఘాటు, ఉప్పు పట్టిన మాంసం వాసన. ఐదారు రోజులుగా ఇంటింటా చింతపండు చారు, గొడ్డుకారం. ఎవరి గొంతులోనో గుటక వినబడింది.

"గొక్కటి ఇయ్యి బిడ్డా" అన్నాడు దస్రు తాత. నోట్లో వేసుకుని నమలసాగాడు. అందరూ ఆయన దవడల వైపు చూస్తూ నిలబడ్డారు. చాలాసేపైంది.

"ఎట్లున్నదే?" అన్నాడు మామ ఆగలేక.

"ఆగు దేవ్‌సింగ్. నాకున్నయి నాలుగు పండ్లు. అవన్నీ ఒప్పుకోవాలె గద." ఇంకాసేపు నమిలి మింగాడు. "ఇంకొకటి ఇయ్యి బిడ్డా. మొదటిది అర్థం కాలె."

మగవాళ్లలో ఇద్దరు నవ్వారు. మామ గొడుగు తెరిచి వెళ్లిపోయాడు.

వాన ఇంకో నాలుగు రోజులు పడింది. వాగు తగ్గలేదు. ఒక్కొక్క ఇంటినుంచి ఒక్కొక్క ఆడమనిషి ఏదో నెపంతో ద్వాలి వసారాకు వచ్చింది. నిప్పు కావాలని ఒకామె, సూది కావాలని ఒకామె. ద్వాలి నిప్పు ఇచ్చింది, సూది ఇచ్చింది. మాంసం ఇవ్వలేదు. "చాటుకు ఇయ్య. ఐతారం పొద్దుగాల పోగులు పెడ్త. అందరు రాండ్రి" అంది.

ఆదివారం వాన కొంచెం తెరపి ఇచ్చింది. ద్వాలి తన ఇంటి ముందు ఆకులు పరిచింది. నేను లెక్కపెట్టాను. ఇరవై మూడు. పిడికెడు పిడికెడు సర్దింది. తండా అంతా వచ్చింది. మామ మా అరుగు మీదే కూర్చున్నాడు, రాలేదు. కానీ అక్కడినుంచి అన్నీ వినబడతాయి.

ద్వాలి మొదటి ఆకు దగ్గర నిలబడి పిలిచింది.

"ద్వాలి."

తనే వంగి ఆ ఆకు తీసి, తన గడప మీద పెట్టుకుంది. మళ్లీ వచ్చి రెండో ఆకు దగ్గర నిలబడింది.

"లాలి."

లాలి దస్రు తాత కోడలు. తన పేరేనా అన్నట్టు చుట్టూ చూసింది. "నీ పేరు గాదా? మారిస్తివా?" అన్నాడు దస్రు తాత. ఆమె గిన్నెతో ముందుకొచ్చింది. తర్వాత ఒక్కొక్కరి పేరు. కొందరి పేర్లు నేను మొదటిసారి వినడం. ఇన్నాళ్లూ వాళ్లు నాకు ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి.

"పూలి" అని పిలిచింది.

అత్త లేవబోయి మామ వైపు చూసింది.

"నాయక్ ఇంటి పోగు ఆడదాని పేర పిలుస్తరా?" అన్నాడు మామ అరుగు మీద నుంచి. "ముట్టకు."

అత్త కూర్చుండిపోయింది. ద్వాలి గుంజ వైపు తిరిగింది. ఈసారి గొంతు పెంచింది.

"గుంజా, చెప్పు. ఎండబెట్టినదాని లెక్క గాదు గిది. మూడు దినాలు గాదు, మూడు నెలలు ఉంటది. తొందరేం లేదు. ఎన్నొద్దులకైన రమ్మను."

ఆ ఆకు అట్లాగే ఉండిపోయింది. సాయంత్రం ద్వాలి ఆ ముక్కల్ని మళ్లీ గుమ్మిలో తగిలించింది. మర్నాడు పొద్దున కొత్త ఆకు వేసి, మా అరుగుకు ఎదురుగా పెట్టింది. మామ పళ్లు తోముకుంటూ దాన్ని చూశాడు. మూడో రోజూ అంతే. వచ్చేపోయేవాళ్లు ఆకును చూసి, మామను చూసి, ఏమీ అనకుండా పోయేవాళ్లు. అది అనడం కంటే ఎక్కువగా ఉండేది.

నాలుగో రోజు పొద్దున నేను చెయ్యి కడుక్కుని, గిన్నె తీసుకుని, మామ కూర్చున్న అరుగు ముందునుంచే నడిచాను. వాకిలి మధ్యలో ఆగాను. రెండేళ్లలో ఆయన నా గొంతు వినలేదు.

"కాకీ, మా ఇంటి పోగు ఎవరి పేర పిలిచినవ్?"

"పూలి పేర. మీ అత్తకు వశం గాకపోతె నీ పేర పిలుస్త."

"పిలువు."

ఆమె ఆకు దగ్గర నిలబడింది. ఇరవై రెండు మంది ఎదురుగా నిలబడితే ఎంత గట్టిగా పిలుస్తుందో అంత గట్టిగా పిలిచింది.

"హేమ్లి."

తీసుకుని వెనక్కి తిరిగాను. మామ నన్ను చూడలేదు. చుట్ట వెలిగించుకుంటున్నాడు. అది అప్పటికే వెలిగి ఉంది.

ఆ మాంసం అల్లం, ఎల్లిపాయ వేసి జొన్నరొట్టెలోకి నేనే వండాను. మామ అంతా తిన్నాడు. తిన్నాక లేవలేదు. ఖాళీ గిన్నెను అత్త వైపు కొంచెం జరిపాడు. "నీ పేరుది లేదు. హేమ్లి పేరుది కొంచెమున్నది. పెట్టుమంటవా?" అని అడిగింది అత్త. ఆయన గిన్నె వెనక్కి తీసుకోలేదు.

దసరాకు తండాలో మేకను కోశారు. వాగు తగ్గింది, ఎండ కాస్తోంది. మా ఇంటి ముందు ఆకులు పరిచారు. అలవాటుగా లెక్కపెట్టాను. ఇరవై మూడు.

మామ వరసగా పేర్లు పిలుచుకుంటూ వచ్చాడు. మగవాళ్ల పేర్లే. చివరి ఆకు దగ్గర ఆగాడు. ద్వాలి ఎప్పుడూ నిలబడే చోటు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆ పండక్కి ఆమె గిన్నె పట్టుకుని రాలేదు.

అందరూ చూస్తున్నారు. మామ గొంతు సవరించుకున్నాడు.

"ద్వాలి" అన్నాడు.

ఎవరూ రాలేదు. ఎదురింటి వసారాలో గుమ్మి మీద గోనె సర్దుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.

"ద్వాలి" అన్నాడు మళ్లీ, కొంచెం గట్టిగా.

"పక్కనున్న నాకే ఇనబడలె దేవ్‌సింగ్" అన్నాడు దస్రు తాత.

మూడోసారి మామ పిలిచిన పిలుపు వాగు దాకా వినబడి ఉంటుంది. అప్పుడు ద్వాలి వసారాలోంచి బయటికొచ్చింది. చేతులు కడుక్కుంది. ముసుగు సరిచేసుకుంది. గిన్నె వెతుక్కోవడానికి మళ్లీ లోపలికి పోయింది. ఆమె తిరిగి వచ్చేదాకా మామ ఆ ఆకు దగ్గరే నిలబడి ఉన్నాడు.